సైకిల్ భాగాల పుట్టిల్లు: లూధియానా నుంచి మౌలాలీ దాకా

సైకిల్‌ను ఏదో ఒక కర్మాగారం తయారు చేస్తుందన్నది అందరికీ అలవాటైన భావనే గాని, చట్రం ఒకచోట, రిమ్ము మరొకచోట, గొలుసు ఇంకొకచోట పుట్టి, చివరికి ఒక కప్పు కింద బిగింపు పూర్తిచేసుకుని, ఆ బిగించిన సంస్థ పేరుతో అంగడికి చేరడమే ఈ పరిశ్రమ అసలు స్వరూపం. అందువల్ల హైదరాబాద్‌లోని ఉప్పల్‌లోనో నాచారంలోనో ఒక దుకాణం ముందు నిలబెట్టిన గేర్ల సైకిల్ ఎక్కడిదని అడిగితే ఒక్క ఊరి పేరు జవాబుగా సరిపోదు. స్వదేశీ వస్తువునే కొనాలని మనస్ఫూర్తిగా కోరుకునేవారికి ఎదురయ్యే మొదటి చిక్కు ఇదే. బట్టల విషయంలో ఈ చిక్కు ఇంతగా లేదు. 1907లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్ర ప్రాంతంలో పర్యటించి స్వదేశీని ప్రబోధించిన నాడు, ఏ బట్ట మాంచెస్టర్‌ది, ఏ బట్ట ఊరి మగ్గానిది అన్నది చూపుతోనే తేలిపోయేది. పలు భాగాల యంత్రం విషయంలో ఆ తేడా పైకి కనిపించదు కనుక, ఏ భాగం ఎక్కడ, ఎందుకు తయారవుతున్నదో తెలుసుకోవడమే స్వదేశీ కొనుగోలుకు మొదటి మెట్టు అవుతుంది.

గేర్లు లేని మామూలు సైకిల్‌ను విప్పి చూసినా అందులో అనేక వృత్తుల పనితనం బయటపడుతుంది. చట్రానికి వాడే గొట్టాన్ని ఉక్కు పట్టీని గుండ్రంగా వంచి, అంచులను విద్యుత్తుతో అతికి తయారు చేస్తారు. రిమ్మును పట్టీని కాలువలా మలచి, వలయంగా చుట్టి, రంధ్రాలు పొడిచి చేస్తారు. పాతకాలపు నల్ల సైకిల్‌కు ముందు చక్రంలో 32, వెనుక చక్రంలో 40 పుల్లలు ఉండడం మన దేశంలో స్థిరపడిన లెక్క. పుల్లలు తీగ లాగేవారి పని అయితే, పెడల్‌ను మోసే క్రాంకు ఎర్రగా కాల్చిన ఉక్కును అచ్చులో పెట్టి సుత్తిదెబ్బలతో మలచేవారి పని. వెనుక చక్రానికి ఉండే ఫ్రీవీల్ లోపల చిన్న ఉక్కు నాలుకలు, వాటిని నెట్టే స్ప్రింగులు ఉండి, తొక్కినప్పుడు చక్రాన్ని పట్టుకుని తిప్పుతూ, తొక్కడం ఆపినప్పుడు జారి టిక్కుటిక్కుమంటూ చక్రాన్ని స్వేచ్ఛగా తిరగనిస్తాయి. ఇరుసుల్లో పావు అంగుళం లేదా అంతకంటె చిన్నవైన ఉక్కు గోళీలు కోను అనే భాగానికీ కప్పుకూ మధ్య దొర్లి రాపిడిని తగ్గిస్తాయి. టైరు విషయానికి వస్తే, తీగ చుట్టిన అంచుల మధ్య పరచిన గుడ్డ మీద రబ్బరును పొదిగి, గంధకంతో కలిపి అచ్చులో ఉడికించి గట్టిపరుస్తారు. ఇన్ని పనులు ఒకే యజమాని కింద జరగడం కష్టం. చుట్టుపక్కల వందల చిన్న కార్ఖానాలు ఉన్న ఊళ్లోనే అవి చౌకగా, వేగంగా జరుగుతాయి.

భారతదేశంలో అటువంటి ఊరు పంజాబ్‌లోని లూధియానా. స్వాతంత్ర్యానికి ముందు ఈ దేశపు రోడ్ల మీద తిరిగినవి ప్రధానంగా రాలే, హెర్క్యులిస్, బి.ఎస్.ఎ. వంటి ఇంగ్లండు సైకిళ్లు. ఆ తరువాత 1949లో మద్రాసు సమీపాన అంబత్తూరులో టి.ఐ. సైకిల్స్, 1951లో సోనేపట్‌లో అట్లాస్, 1952లో బెంగాల్‌లోని ఆసన్‌సోల్‌లో సేన్-రాలే వంటి కర్మాగారాలు లేచాయి. లూధియానా దారి వీటికి భిన్నమైనది. దేశ విభజన కాలంలో పశ్చిమ పంజాబ్ నుంచి వచ్చిన ముంజాల్ సోదరులు మొదట విడిభాగాల వ్యాపారం చేసి, తరువాత ముందు చక్రాన్ని పట్టే ఫోర్కుల తయారీకి దిగి, 1956లో హీరో సైకిల్స్‌ను ప్రారంభించారు. ఆ సంస్థ 1986 నాటికి ప్రపంచంలోనే అత్యధికంగా సైకిళ్లు తయారు చేసేదిగా గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. లూధియానాలో ఈ పరిశ్రమ వేళ్లూనడానికి, అప్పటికే అక్కడ తరాలుగా కమ్మరం, వడ్రంగం చేసే కుటుంబాలు ఉండడం ఒక కారణమైతే, 1967 నుంచి కొన్ని వస్తువుల తయారీని చిన్న పరిశ్రమలకే ప్రత్యేకించిన ప్రభుత్వ విధానం మరొక కారణం. సైకిల్ విడిభాగాలు చాలా వరకు ఆ జాబితాలో ఉండడం వల్ల పెద్ద సంస్థ బిగింపుకు, చిన్న కార్ఖానా భాగాల తయారీకి పరిమితమయ్యే పని విభజన అక్కడ స్థిరపడింది. ఈ ప్రత్యేకింపు 2015లో పూర్తిగా తొలగిపోయినా, అది నిర్మించిన పరిశ్రమ స్వరూపం నేటికీ మారలేదు.

ఈ విధానానికి లాభమూ ఉంది, లోపమూ ఉంది. పుల్ల, రిమ్ము, సీటు, మడ్‌గార్డు, పెడల్, ఒకే పళ్లచక్రపు గొలుసు వంటివి సామాన్యునికి అందే ధరలో దేశమంతటా దొరికాయి, భారతదేశం సైకిళ్ల తయారీలో చైనా తరువాతి స్థానానికి చేరింది. అయితే చిన్న కార్ఖానా వద్ద పరిశోధనకు పెట్టుబడి ఉండదు. దశాబ్దాల తరబడి ఒకే నమూనా నల్ల సైకిల్ అమ్ముడవుతున్నంత కాలం ఆ అవసరమూ కలగలేదు. కొనుగోలుదారులు గేర్ల సైకిళ్లను కోరడం మొదలుపెట్టే నాటికి ఆ విద్య ఇతర దేశాల్లో ఎంతో దూరం వెళ్లిపోయింది.

గేరు మార్చే యంత్రాంగాన్ని డీరైలర్ అంటారు. స్ప్రింగు పట్టుతో కదిలే ఒక చేయి గొలుసును ఒక పళ్లచక్రం మీది నుంచి పక్కదాని మీదికి తోస్తుంది; మిల్లీమీటరులో కొద్ది పాలు తేడా వచ్చినా గొలుసు జారిపోతుంది. ఈ రంగంలో అగ్రగామి అయిన షిమానో 1921లో జపాన్‌లోని సకాయ్ పట్టణంలో మొదలైంది. కత్తులకు, తుపాకులకు శతాబ్దాలుగా పేరుపొందిన ఆ పట్టణంలో ఆ సంస్థ మొదట చేసిన వస్తువు ఫ్రీవీల్ కావడం గమనార్హం. 1973లో అది సింగపూర్‌లో కర్మాగారం తెరిచింది, తరువాత మలేషియాకూ చైనాకూ విస్తరించింది. తైవాన్‌లోని తైచుంగ్ పరిసరాల్లో 1972లో జెయింట్, మెరిడా సంస్థలు పుట్టాయి. 2003లో చౌక చైనా సైకిళ్ల పోటీ తీవ్రమైనప్పుడు ఆ రెండు ప్రత్యర్థి సంస్థలూ భాగాల తయారీదారులను కలుపుకుని ఒక కూటమిగా ఏర్పడి నాణ్యతను ఉమ్మడిగా పెంచుకున్నాయి. లూధియానాలో ఉన్నటువంటి చిన్న కార్ఖానాల సమూహమే తైచుంగ్‌లోనూ ఉంది. కలిసి నేర్చుకోవడానికి చేసిన ఏర్పాటే రెండింటి మధ్య తేడా. 2020 జులైలో, సరిహద్దు ఘర్షణల తరువాత, హీరో సైకిల్స్ చైనాతో తలపెట్టిన సుమారు 900 కోట్ల రూపాయల వ్యాపారాన్ని రద్దు చేసుకుంటున్నట్లు ప్రకటించినప్పుడు, దేశంలోని అతిపెద్ద తయారీదారు కూడా పైస్థాయి సైకిళ్ల కోసం బయటి సరుకుపై ఎంతగా ఆధారపడి ఉన్నదో సామాన్య పాఠకులకు తెలిసివచ్చింది.

ఈ నేపథ్యంలో తూర్పు హైదరాబాద్ వైపు చూడడం అవసరం. ఉప్పల్, నాచారాలకు సైకిళ్ల పట్టణాలన్న పేరు లేదు. కానీ సైకిల్‌లోని కష్టమైన భాగాలకు కావలసిన విద్యలు ఈ ప్రాంతానికి కొత్తవి కావు. ఉప్పల్, నాచారం, మల్లాపూర్, మౌలాలీ, కుషాయిగూడ, చర్లపల్లి పారిశ్రామిక వాడలు ఒకదానినొకటి ఆనుకుని వ్యాపించి ఉన్నాయి. లేత్ పనులు, ప్రెస్ పనులు, ప్లాస్టిక్ అచ్చులు, లోహపు పూతలు ఇక్కడి చిన్న కార్ఖానాలకు నిత్యకృత్యం, నాచారంలో ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి వెలసింది కూడా ఇక్కడి కార్మికుల కోసమే. 1967లో ఏర్పడిన ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఇ.సి.ఐ.ఎల్., 1971లో ఏర్పడిన అణు ఇంధన సముదాయం ఈ వాడలకు ఇరుగుపొరుగు సంస్థలు.

అణు ఇంధన సముదాయం ప్రధాన కర్తవ్యం అణు విద్యుత్ కేంద్రాలకు ఇంధన కడ్డీలు, జిర్కోనియం మిశ్రమలోహపు గొట్టాలు అందించడం. ఆ గొట్టాలకు అతుకు ఉండదు. వేడిచేసిన లోహపు దిమ్మెను రంధ్రం గుండా నెట్టి గొట్టంగా మార్చి, ఆ తరువాత లోపల ఒక కడ్డీని ఉంచి, బయట నుంచి గాడి ఉన్న రోలర్లతో ముందుకు వెనక్కు నొక్కుతూ గోడ మందాన్ని క్రమంగా తగ్గిస్తారు. ఇదే నైపుణ్యంతో ఆ సంస్థ విమానాల అవసరాల కోసం మూడు శాతం అల్యూమినియం, రెండున్నర శాతం వనేడియం కలిసిన టైటానియం గొట్టాలను కూడా తయారు చేసింది. అమెరికాలో, ఐరోపాలో అత్యంత ఖరీదైన టైటానియం సైకిల్ చట్రాలకు వాడేది కూడా ఈ మిశ్రమలోహాన్నే. వ్యూహాత్మక అవసరాల కోసం పనిచేసే ప్రభుత్వ సంస్థ సైకిళ్లకు గొట్టాలు చేయాలని ఎవరూ కోరరు. నాచారానికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఆ విద్య చేతుల్లో ఉన్న మనుషులు ఉన్నారన్నదే ఇక్కడ ముఖ్యం.

గోళీల సంగతి మాత్రం బాధాకరమైనది. మౌలాలీలో ఇండో-నిప్పన్ ప్రెసిషన్ బేరింగ్స్ పేరుతో మొదలైన కర్మాగారం 1981లో ప్రభుత్వ రంగ సంస్థ హెచ్.ఎం.టి. పరిధిలోకి వచ్చి హెచ్.ఎం.టి. బేరింగ్స్‌గా మారింది. బేరింగు అంటే తిరిగే ఇరుసును మోస్తూ రాపిడిని తగ్గించే వలయం. దానిలోని ప్రతి గోళీ మిగిలిన వాటితో సరిసమానంగా ఉండకపోతే బరువంతా పెద్ద గోళీల మీద పడి అవి త్వరగా అరుగుతాయి. కనుక బేరింగు చేయగలిగిన ఊరు కొలతలోని క్రమశిక్షణ నేర్చిన ఊరు. చాలాకాలంగా నష్టాల్లో నడిచిన ఆ సంస్థను మూసివేయడానికి 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. లెక్కల పుస్తకంలో ఆ నిర్ణయానికి సమర్థన ఉండవచ్చు. కానీ ఇటువంటి కర్మాగారం మూతపడినప్పుడు యంత్రాలతో పాటు, ఒక తరం కార్మికుల నుంచి తరువాతి తరానికి అందవలసిన కొలతల జ్ఞానం కూడా తెగిపోతుంది. దాని విలువను ఏ వేలంలోనూ లెక్కకట్టరు.

ఇప్పుడు నేల కూడా మారుతున్నది. 2020 డిసెంబరులో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం ఐ.టి. రంగాన్ని పడమటి నుంచి నగరం నలుమూలలకు విస్తరించే గ్రిడ్ విధానాన్ని తెచ్చి, ఉప్పల్, నాచారం వంటి వాడల్లోని పారిశ్రామిక స్థలాలను ఐ.టి. పార్కులుగా మార్చుకునే వీలు కల్పించింది. 2025 నవంబరులో తరువాతి ప్రభుత్వం బాహ్యవలయ రహదారి లోపలి పారిశ్రామిక వాడల్లోని 9,000 ఎకరాలకు పైగా భూమిని ఇతర అవసరాలకు మార్చుకునేందుకు హిల్ట్ విధానాన్ని ప్రకటించింది. ఇళ్ల నడుమ కాలుష్యం వెదజల్లే కర్మాగారాలను తరలించాలన్న వాదనలో న్యాయం ఉంది. అయితే విషవాయువులు వదిలే రసాయన కర్మాగారాన్నీ, నలుగురు పనివారితో మరలు చెక్కే లేత్ కార్ఖానానూ ఒకే గాట కట్టడం సరికాదు. అద్దెకు ఉన్న చిన్న కార్ఖానాదారుకు భూమి మార్పిడి వల్ల వచ్చే లాభం ఏదీ లేదు. యజమాని స్థలం అమ్ముకుంటే అతడు శివార్లకు వెళ్లాలి, లేదా పని మానుకోవాలి. స్వదేశీ వస్తువులు కొనమని ప్రజలకు చెప్పే ప్రభుత్వాలు ఆ వస్తువులు పుట్టే చోటును కూడా కాపాడవలసి ఉంటుంది.

కొనుగోలుదారు చేతిలో ఉన్నది ఏమిటన్న ప్రశ్నకు చట్టంలో కొంత జవాబు దొరుకుతుంది. 2011 నాటి ప్యాకేజీ వస్తువుల తూనికలు-కొలతల నిబంధనల ప్రకారం, దిగుమతి అయిన ప్యాకెట్టు మీద అది తయారైన దేశం పేరు ఉండాలి. 2020లో వచ్చిన ఇ-కామర్స్ నిబంధనలు ఆన్‌లైన్ అమ్మకందారులకూ ఈ బాధ్యతను విధించాయి. ప్రభుత్వ కొనుగోళ్లకు మరింత కచ్చితమైన కొలమానం ఉంది: మేక్ ఇన్ ఇండియా ప్రాధాన్యపు ఉత్తర్వు ప్రకారం, వస్తువు విలువలో కనీసం 50 శాతం దేశంలోనే చేకూరితే ఆ సరఫరాదారుకు మొదటి తరగతి, 20 నుంచి 50 శాతం లోపు అయితే రెండో తరగతి. స్వదేశీతనాన్ని శాతంగా, విలువగా కొలవాలన్న ఈ దృష్టి సైకిళ్లకు చక్కగా సరిపోతుంది. కానీ దుకాణంలో బిగించి ఉన్న కొత్త సైకిల్ మీద తయారీదారు పేరు ఉంటుంది గాని, దాని డీరైలర్, గొలుసు, బ్రేకులు ఏ దేశానివో రాసి ఉండదు.

కనుక సైకిల్ విషయంలో స్వదేశీ ఆచరణకు కొత్త సైకిల్ కొనే రోజుకంటె మరమ్మతు రోజే అనువైనది. టైరు, ట్యూబు, గొలుసు, ఫ్రీవీల్, బ్రేకు రబ్బర్లు, కేబుళ్లు, పెడళ్లు అరిగేవి. ఒక సైకిల్ తన జీవితకాలంలో వీటిని ఎన్నోసార్లు మార్పించుకుంటుంది, అవి విడిగా ప్యాకెట్లలో వస్తాయి కనుక వాటి మీద వివరాలు ఉంటాయి. టైర్లు, ట్యూబుల్లో దేశీయ సరుకు నాణ్యతకు కొదవ లేదు. లూధియానాలోని రాల్సన్‌తో పాటు హైదరాబాద్‌కే చెందిన హార్టెక్స్ కూడా ఈ రంగంలో ఉన్నది. టైరు పక్కన 50-559 వంటి అంకెలు ఉంటే, మొదటిది వెడల్పు, రెండోది రిమ్ము మీద టైరు కూర్చునే వలయపు వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలో. పాత నల్ల సైకిల్‌కు రెండో అంకె 635, మామూలు 26 అంగుళాల సైకిల్‌కు 559, 700సి చక్రానికి 622. ఈ అంకె తెలిసినవారు కంపెనీ పేరుతో నిమిత్తం లేకుండా సరైన దేశీయ టైరును అడగగలరు. గొలుసులన్నిటికీ లంకె నుంచి లంకెకు దూరం అర అంగుళమే. గేర్లు లేని సైకిల్‌కు లోపలి వెడల్పు అంగుళంలో ఎనిమిదో వంతు, ఆ గొలుసు మన దేశంలో నిక్షేపంగా తయారవుతుంది. కొత్త సైకిల్ ఎంచుకునేటప్పుడు కూడా ఒక్క కంపెనీకే చెల్లే ప్రత్యేక కొలతల భాగాలున్న దానికంటె సాధారణ కొలతల దానిని ఎంచుకుంటే, రాబోయే పదేళ్లూ దేశీయ విడిభాగాల దారి తెరిచి ఉంటుంది. డీరైలర్లు, గేరు మార్చే మీటలు, హైడ్రాలిక్ డిస్కు బ్రేకుల విషయంలో మాత్రం దిగుమతి తప్పని స్థితి ఇంకా చాలావరకు ఉంది. దానిని దాచిపెట్టి మొత్తం సైకిల్‌ను స్వదేశీ అని చెప్పుకోవడం కొనుగోలుదారుకు అన్యాయం.

2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీదా, వాటి విడిభాగాల మీదా జి.ఎస్.టి. 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ఉప్పల్, నాచారం పాఠకులు ఈసారి గొలుసో టైరో మార్పించేటప్పుడు ప్యాకెట్టు తిప్పి తయారీ చిరునామా చదవాలి, దేశీయమైనది ఉందా అని మెకానిక్‌ను అడగాలి, లేదంటే తెప్పించి పెట్టమని చెప్పాలి. నలుగురు అడిగిన సరుకునే దుకాణదారు మళ్లీ మళ్లీ తెప్పిస్తాడు.