చప్పిడి పథ్యం

గుండె నీరసించిన పెద్దవారిని చూడడానికి ఇంటికొచ్చే నర్సు, మందులతోపాటు మన వంటింటి సంగతీ అడిగితే విసుక్కోకండి.

జబ్బుమనిషికి మనవైపు పాత చింతకాయ పచ్చడి పథ్యం. నోటికి రుచి తగిలి నాలుగు ముద్దలు దిగుతాయి. జ్వరానికైతే సరే. గుండె రక్తాన్ని సరిగా తోడలేనప్పుడు మూత్రపిండాలు ఉప్పునూ నీటినీ ఒంట్లోనే నిలవేస్తాయి. దానికి పచ్చట్లో ఉప్పు తోడైతే కాళ్ళవాపు, పడుకుంటే ఆయాసమూను. సైంధవ లవణమైనా ఉప్పు ఉప్పేనండీ! ఆరోగ్యవంతులకే రోజుకి 5 గ్రాముల లోపు, అంటే చిన్న చెంచాడు కన్నా తక్కువ చాలునంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ.

"ఊరగాయ మానెయ్యండి" అని గద్దిస్తే ఏ అత్తగారూ వినరు. "మామ్మగారూ, పథ్యం మంచిదే, ఈ జబ్బుకి మాత్రం చప్పిడి పథ్యం" అంటే వింటారు. నిమ్మరసం, అల్లం, మిరియాలు ఉండనే ఉన్నాయి.

వాపు చూడాలంటే చీలమండ దగ్గర నొక్కాలి. "నా కాళ్ళు పట్టుకోకమ్మా" అని తాతగారు ముడుచుకుంటారు. ముందు అడిగి, ఇంట్లోవాళ్ళని దగ్గర ఉంచుకుని చూడడమే మర్యాద.

మన పెద్దాపురంలో ఆషాఢమాసం మరిడమ్మతల్లి జాతర. బారులో నిలబడినప్పుడు మాటిమాటికీ మూత్రానికి వెళ్ళాలని నీటిమాత్ర ఎగ్గొట్టేవారుంటారు. తెలిసిన నర్సు "గుడికెప్పుడండీ?" అని ముందే అడుగుతుంది. మాత్ర వేళ మార్చవచ్చునేమో డాక్టరుగారే చెబుతారు.

రోజూ పొద్దున్నే, ఏమీ తినకముందు తూకం చూసి క్యాలెండరు మీద రాయండి. 3 రోజుల్లో 2 కిలోలు పెరిగితే నర్సు వచ్చేదాకా ఆగక డాక్టరుకి కబురు చెయ్యండి. ఊపిరాడకపోతే వెంటనే 108కి ఫోను చెయ్యండి.