గుడ్డు ఉడికే గడియ

మా ఇంటికి ఎగ్ బాయిలర్ వచ్చిన రోజు నన్ను ఆలోచనలో పడేసింది దానితోపాటు వచ్చిన చిన్న కొలత కప్పు. ఒక గుడ్డుకు ఎన్ని నీళ్లు పోయాలో, ఆరు గుడ్లకు ఎన్ని పోయాలో దాని మీద గీతలున్నాయి. చూస్తే ఒక గుడ్డు గీత పైన ఉంది, ఆరు గుడ్ల గీత కింద ఉంది. తారుమారుగా అచ్చువేశారేమో అనుకున్నాను. బియ్యం పెరిగితే ఎసరు పెరగాలి, అదే కదా మన వంటింటి లెక్క! కానీ కప్పు చెప్పిందే నిజం. ఎందుకు నిజమో తెలియాలంటే ఈ యంత్రం పూర్వీకులను ఒకసారి పలకరించాలి.

యంత్రంలో ఉన్నవి కొద్ది వస్తువులే. అడుగున కరెంటుతో వేడెక్కే పళ్లెం, దాని మీద గుడ్లు నిలబెట్టే చిల్లుల తట్ట, పైన ఆవిరి పోవడానికి చిన్న రంధ్రమున్న మూత, పళ్లెం కింద వేడిని కనిపెట్టే స్విచ్చు. మా దానిలో టైమర్ లేదు. అయినా గుడ్లు మనం కోరినట్టు ఉడకగానే బజర్ మోగుతుంది. దానికి కాలం తెలిసేది నీళ్ల వల్లే.

నీళ్లతో కాలం కొలవడం మనకు పాత విద్య. అడుగున సన్నటి రంధ్రమున్న రాగిగిన్నెను నీటి మీద వదిలితే, నీరు మెల్లగా లోపలికి చేరి గిన్నె మునిగిపోతుంది. ఒక పగలూ రాత్రీ కలిసి 60 సార్లు మునిగే అలాంటి గిన్నెను సూర్యసిద్ధాంతం వర్ణించింది. ఒక్కో మునక 24 నిమిషాలు, అంటే ఒక గడియ. ఘటిక అంటే చిన్న కుండ. గోడకు తగిలించిన గడియారం పేరులో ఆ కుండ ఇప్పటికీ ఉంది. రాగిగిన్నె నీళ్లు నిండేదాకా కాలాన్ని కొలిచింది. ఎగ్ బాయిలర్ నీళ్లు ఇంకిపోయేదాకా కొలుస్తుంది.

నీళ్లు ఇంకిపోవడంలో ఉన్న రహస్యాన్ని 1760 దశకంలో గ్లాస్గోలో జోసెఫ్ బ్లాక్ అనే ఆచార్యుడు పట్టుకున్నాడు. మరిగే నీటికి ఎంత మంట పెట్టినా దాని వేడి 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఆగిపోతుంది. పెట్టిన వేడంతా నీటిని ఆవిరిగా మార్చడానికే ఖర్చవుతుంది. మనం బడిలో చదువుకున్న గుప్తోష్ణం ఇదే. గ్రాము నీటిని సున్నా నుంచి 100 డిగ్రీలకు తేవడానికి 100 కేలరీలు చాలు. మరుగుతున్న ఆ గ్రామును ఆవిరి చేయడానికి దాదాపు 540 కేలరీలు కావాలి. కాబట్టి పళ్లెంలో కాసిన్ని నీళ్లున్నంతసేపూ దాని వేడి పెద్దగా పెరగదు. నీళ్లు అయిపోయాయో, ఒక్కసారిగా పైకి ఎగబాకుతుంది. యంత్రం కాచుకుని ఉండేది ఆ ఎగబాకడం కోసమే.

దాన్ని కనిపెట్టే స్విచ్చు కూడా ఒక గడియారంలోంచే వచ్చింది. ఇంగ్లండులో వడ్రంగి పని చేస్తూ గడియారాలు తయారుచేసిన జాన్ హారిసన్, నడిసముద్రంలోనూ కాలం తప్పని గడియారం కోసం జీవితమంతా శ్రమించాడు. ఎండకూ చలికీ స్ప్రింగు బలం మారి కాలం తప్పుతోంది. తన మూడో సముద్ర గడియారంలో ఆయన ఇత్తడి రేకునూ ఉక్కు రేకునూ కలిపి బిగించాడు. వేడికి ఇత్తడి ఉక్కుకన్నా ఎక్కువ సాగుతుంది, అందుకే జంట రేకు ఒక పక్కకు వంగుతుంది. ఆ వంపుతో గడియారాన్ని సరిదిద్దాడు. వేడికి వంగే రేకు కరెంటు తీగను కలపగలదు, విడదీయగలదు కూడా. ఇస్త్రీపెట్టె నుంచి ఎగ్ బాయిలర్ దాకా ఎన్నో ఇంటి పరికరాలను కాపాడుతున్నది హారిసన్ వంశపు రేకే.

కరెంటు ఇళ్లలోకి వచ్చాక గుడ్డుకు ప్రత్యేకంగా ఒక పాత్ర పుట్టింది. 1930ల్లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, మాడిసన్ నగరానికి చెందిన హ్యాంక్స్‌క్రాఫ్ట్ కంపెనీ పింగాణీ ఎగ్ కుక్కర్లు అమ్మింది. వాటిలో వేడెక్కే తీగ ఉండదు. నీళ్లలోంచే కరెంటు పారుతుంది, ఆ ప్రవాహంతోనే నీళ్లు మరుగుతాయి. నీళ్లు ఆవిరైపోతే దారి తెగి కరెంటు దానంతటదే ఆగిపోతుంది. ఆలోచన అందమైనదే, కానీ కరెంటున్న నీళ్లలో వేలు పడితే ప్రాణం మీదికొస్తుంది. వేడెక్కే తీగను లోహపు పళ్లెం కింద భద్రంగా దాచిన నేటి పద్ధతి ఎంతో మేలు.

ఈ కుటుంబంలో మనకు బాగా తెలిసిన సభ్యుడు రైస్ కుక్కర్. 1955లో జపాన్‌లో తోషిబా అమ్మకానికి పెట్టిన కుక్కర్‌ను రూపొందించింది మినామీ యోషితాడా. మళ్లీ మళ్లీ అన్నం వండి పరీక్షించింది ఆయన భార్య ఫుమికో. ఆ కుక్కర్‌కు రెండు గిన్నెలు. బయటి గిన్నెలో ఒక కప్పు నీళ్లు పోస్తే అవి ఆవిరి కావడానికి సుమారు 20 నిమిషాలు పట్టేది. అన్నం ఉడకడానికి పట్టేదీ అంతే. నీళ్లు అయిపోగానే వేడి 100 దాటి, జంట రేకు వంగి, స్విచ్చు పడిపోయేది. ఎగ్ బాయిలర్ చేసే పని అచ్చంగా ఇదే.

ఇక కప్పు చిక్కుముడి విప్పుదాం. ఆవిరి చల్లటి గుడ్డును తాకగానే మళ్లీ నీరవుతుంది. అప్పుడు దాచుకున్న 540 కేలరీలనూ పెంకుకు అప్పగిస్తుంది. గుడ్డు ఉడికేది ప్రధానంగా ఆ వేడితోనే. నీరైన చుక్కలు తట్ట చిల్లుల్లోంచి మళ్లీ పళ్లెం మీదికి జారతాయి. 55 గ్రాముల గుడ్డు 30 డిగ్రీల నుంచి 80కి చేరాలంటే నాలుగైదు గ్రాముల ఆవిరి దాని మీద నీరు కావాలని లెక్క తేలుతుంది. అంటే దాదాపు ఒక టీస్పూను. ఒక గుడ్డు ఒక స్పూను నీరు తిరిగిస్తే ఆరు గుడ్లు ఆరు స్పూన్లు తిరిగిస్తాయి. 360 వాట్ల పళ్లెం ఒక టీస్పూను నీటిని ఆవిరి చేయడానికి సుమారు అర నిమిషం తీసుకుంటుంది. అదే గీతకు నీళ్లు పోస్తే, ఆరు గుడ్లున్నప్పుడు బజర్ రెండున్నర నిమిషాలు ఆలస్యంగా మోగుతుంది. ఆ ఆలస్యాన్ని ముందే తీసేసి గీసిన గీత కాబట్టే ఆరింటిది కింద ఉంది.

రెండున్నర నిమిషాలు గుడ్డుకు చిన్న వ్యవధి కాదు. తెల్లసొన 60 డిగ్రీలు దాటాక చిక్కబడటం మొదలవుతుంది, గట్టిపడాలంటే 80 దాకా రావాలి. పచ్చసొన 70 దగ్గర గట్టిపడుతుంది. మరీ ఎక్కువసేపు ఉడికితే తెల్లసొనలోని గంధకం, పచ్చసొనలోని ఇనుముతో కలిసి సొన చుట్టూ ఆకుపచ్చ చార కడుతుంది. అందుకే బజర్ మోగగానే గుడ్లను చన్నీళ్లలో వేయాలి. మూత తీసేటప్పుడు మొహం పక్కకు పెట్టుకోవాలి, చేతికి తగిలే ఆవిరి కూడా దాచుకున్న వేడినంతా అప్పగిస్తుంది. గుడ్డు లావు చివర లోపల గాలి గది ఉంటుంది. అక్కడ సూదితో చిన్న రంధ్రం చేస్తే వ్యాకోచించిన గాలి బయటికి పోతుంది, పెంకు పగిలే అవకాశం తగ్గుతుంది. కొత్త గుడ్లకన్నా నాలుగు రోజులు నిలవున్నవి పెంకు బాగా వదులుతాయి. నిలవ ఉన్నకొద్దీ తెల్లసొన క్షారగుణం పెరిగి, లోపలి పొర దానికి అంటుకోవడం తగ్గుతుంది.

బోరు నీళ్లు వాడే మన ఇళ్లలో పళ్లెం మీద తెల్లటి చారలు కడతాయి. అవి నీటిలోని సున్నపు లవణాలు. పేరుకున్నకొద్దీ పళ్లెం వేడి నీటికి సరిగా అందదు, స్విచ్చు లెక్క తప్పవచ్చు. పళ్లెం పూర్తిగా చల్లారాక కాస్త నిమ్మరసం వేసి కాసేపు ఉంచి తుడిస్తే పోతాయి.

ఆ కొలత కప్పును మాత్రం పోగొట్టుకోకండి. ఎక్కడో పోయినా బెంగ పడనక్కర్లేదు, ఇప్పుడు లెక్క మీ చేతిలో ఉంది. ఒక అంచనాతో నీళ్లు పోసి ఉడకబెట్టి, గుడ్డు కోసి చూడండి. సొన జారుగా ఉంటే మరునాడు ఒక స్పూను పెంచండి, గట్టిపడితే ఒక స్పూను తగ్గించండి. రాగిగిన్నెకు ఎంత రంధ్రం పెడితే సరిగ్గా గడియకు మునుగుతుందో తేల్చినవారూ ఇలాగే పోసి, చూసి, సరిదిద్ది ఉంటారు. స్పూను నీటికి అర నిమిషం: మన వంటింటి గడియ అదే.