చాదర్‌ఘాట్ నుంచి ఎటు తొక్కినా ఎత్తే

మా గల్లీలో ఉండే కుర్రాడు పోయిన ఏడాది ఇసామియా బజార్‌లో గేర్ల సైకిల్ కొన్నాడు. రోజూ తెల్లారకముందే బయల్దేరతాడు. మొన్న చాయ్ దుకాణం దగ్గర నన్ను పట్టుకున్నాడు. “అన్నా, సాఫ్ రోడ్డు మీద ముప్పైలో పోతా. అస్మాన్‌గఢ్ గుట్ట ఎక్కంగనే దమ్ము ఎందుకు పోతది?” నేను నోరు తెరిచేలోపే రెండోది: “టైమ్ ట్రయల్‌కు పేరిచ్చిన. గుట్టకూ దానికీ ఒకటే ప్రాక్టీసు సరిపోతదా?”

చాయ్ చల్లారేలోపు తేలే ప్రశ్నలు కావివి.

ముందు మన చోటు సంగతి. చాదర్‌ఘాట్ మూసీ ఒడ్డున ఉంది. ఒకప్పుడు ఇక్కడ ఆనకట్ట మీంచి నీళ్లు దుప్పటి పరిచినట్టు జారేవనీ, అందుకే ఆ పేరనీ పెద్దలు చెప్తారు. సైకిల్ తొక్కేవాడికి మాత్రం అర్థం ఒకటే, ఇది పల్లం. వంతెన దాటి మలక్‌పేట వైపు వెళ్లినా, కోఠీ మీదుగా ఆబిడ్స్, నాంపల్లి వైపు వెళ్లినా మెల్లగా ఎత్తు ఎక్కుతూనే ఉంటాం. కారులో కూర్చున్నవాడికి ఇది తెలియదు. పిక్కలకు తెలుస్తుంది.

ఇక గుట్ట. నిజాం కొలువులో సేనానిగా ఉండి 1798లో చనిపోయిన ఫ్రెంచివాడు రేమండ్ సమాధి ఉన్నది అస్మాన్‌గఢ్ గుట్ట మీదే. ఆయన పేరే జనం నోట్లో నలిగి మూసారాంబాగ్ అయింది. అక్కడికి ఎక్కేటప్పుడు దమ్ము పోవడానికి కారణం ఊపిరితిత్తులు కాదు, లెక్క. మనిషీ, సైకిలూ, నీళ్ల సీసా కలిపి 85 కిలోలనుకుందాం. ఆ బరువును వంద మీటర్లు పైకి చేర్చాలంటే సుమారు 83 వేల జౌళ్ల పని చేయాలి. పది నిమిషాల్లో చేస్తే 139 వాట్లు. ఎనిమిది నిమిషాల్లో చేయాలనుకుంటే 174. ఇది ఒక్క బరువుకే. టైరు రాపిడి, గాలి వేరు. సమతలం మీద కాళ్లు ఆపినా సైకిల్ కాసేపు దొర్లుతుంది. ఎత్తు మీద కాళ్లు ఆపితే సైకిల్ ఆగుతుంది. అందుకే అక్కడ దొంగ విశ్రాంతి దొరకదు.

టైమ్ ట్రయల్‌లో, అంటే ఒక్కొక్కరే తొక్కి గడియారంతో పోటీపడే పందెంలో, శత్రువు బరువు కాదు, గాలి. సమతలం మీద ముప్పై వేగంలో పోయేటప్పుడు మనం పెట్టే శ్రమలో చాలాభాగం గాలిని తోసుకు పోవడానికే ఖర్చవుతుంది. గాలి లెక్క మరీ దుర్మార్గమైనది. వేగం పెరిగితే దానికి కావలసిన శక్తి, వేగాన్ని మూడుసార్లు వేసి హెచ్చవేసినట్టు పెరుగుతుంది. అంటే 30 నుంచి 33కి పోవాలంటే వేగం పదో వంతే పెరిగింది గానీ, గాలికి కట్టే పన్ను మూడో వంతు పెరుగుతుంది. 1893లో ఆన్రీ దెగ్రాంజ్ గంటలో 35.325 కిలోమీటర్లు తొక్కి రికార్డు పెట్టాడు. పదేళ్ల తర్వాత టూర్ ద ఫ్రాన్స్ మొదలుపెట్టినవాడు ఆయనే. 2022లో ఇటలీ వాడు ఫిలిప్పో గన్నా 56.792 కిలోమీటర్లు తొక్కాడు. దెగ్రాంజ్ కూర్చున్నట్టే కూర్చుని గన్నా అంత దూరం పోవాలంటే నాలుగు రెట్ల శక్తి కావాలి. మనిషి కాళ్లకు నూట ముప్పై ఏళ్లలో అంత బలం రాలేదు. మారినవాటిలో పెద్దది కూర్చునే తీరు.

అందుకని ఆ కుర్రాడికి నేను ముందు చెప్పింది, “మోచేతులు వంచు, తల దించు, గాలికి ఉబ్బే షర్టు మానెయ్.” పైసా ఖర్చు లేదు. గాలికి అడ్డం పడేది ఎక్కువగా మన ఒళ్లే, సైకిల్ కాదు. గుట్ట మీద ఈ భంగిమకు పెద్ద విలువ లేదు. పదికి లోపు వేగంలో గాలి అడ్డు స్వల్పం కాబట్టి అక్కడ ఛాతీ విప్పుకుని, చేతులు హ్యాండిల్ పైభాగాన పెట్టి కూర్చోవడమే సుఖం.

బరువు తగ్గించుకోవడం మాటేమిటి? 85 కిలోల్లో ఒక కిలో తగ్గితే, పది నిమిషాల ఎత్తులో ఏడు సెకన్లు కలిసివస్తాయి. 30 గ్రాములు తగ్గించే సీసా స్టాండు కోసం వేలు పోసేవాళ్లను చూశాను. వాళ్లు కొన్నది సెకనులో ఐదో వంతు. చిన్న గుట్టకు నిండు సీసా బదులు సగం సీసా పట్టుకెళ్తే అంతకంటే ఎక్కువ మిగులుతుంది.

ఇక గేర్లు. పెడల్ దగ్గరి పళ్లచక్రానికి 44 పళ్లు, వెనకదానికి 18 ఉన్న మామూలు సైకిల్ పెడల్ ఒక చుట్టు తిరిగితే అయిదు మీటర్ల పైన పోతుంది. గుట్ట మీద గంటకు ఎనిమిది కిలోమీటర్ల వేగం వస్తే నిమిషానికి పాతిక చుట్లే. ప్రతి చుట్టూ బియ్యం బస్తా ఎత్తినంత పని, మోకాళ్లకు చెడ్డది. ముందు 34, వెనక 34 పళ్లు ఉంటే అదే వేగానికి అరవై దాటి తిరుగుతాయి. తేలికగా, ఎక్కువసార్లు తొక్కడమే మేలు. తేలిక గేరు వేసుకోవడం నామోషీ అనుకునే కుర్రాళ్లు చాలామంది ఉన్నారు. ఆ నామోషీని మోకాలి డాక్టరు దగ్గర వదిలేస్తారు.

అయితే రెండిటికీ ఒకటే ప్రాక్టీసు సరిపోతుందా? సరిపోతుంది. ఎందుకంటే శత్రువులు వేరైనా ఓడిపోయే పద్ధతి ఒకటే, మొదట్లోనే తెగబడటం.

నా సంగతే చెప్తాను. మొదటిసారి వికారాబాద్ దగ్గర అనంతగిరి ఎక్కినప్పుడు, కింద నలుగురు స్నేహితులు చూస్తున్నారని లేచి నిలబడి తొక్కాను. మొదటి మలుపు దాకా రాజునే. రెండో మలుపులో చెవుల్లో గుండె కొట్టుకోవడం వినిపించింది. తర్వాత తొడలు మంటలు. చివరికి సైకిల్ చేత్తో పట్టుకుని నడిచాను. దారిన పోయే ముసలాయన “చైన్ తెగిందా బిడ్డా?” అని అడిగితే అవునన్నాను. అబద్ధం.

జరిగిందేమిటంటే, కండరానికి అందే ఆక్సిజన్‌తో జరగగలిగే పనిని మించి అడిగితే శరీరం అప్పు తెచ్చి ఇస్తుంది. కాసేపే. అప్పు పెరిగేకొద్దీ కండరాల్లో ఆమ్లగుణం పెరుగుతుంది, మంట వస్తుంది. ఎత్తు మీద ఆ అప్పు తీర్చే వీలుండదు. సమతలం మీదైనా తీర్చాలంటే వేగం తగ్గాలి. కాబట్టి రెండు పోటీలకూ నేర్చుకోవలసింది, అప్పు అంచు ఎక్కడుందో గుర్తుపట్టి దానికి ఇటువైపే ఉండటం. గుండె కొలిచే గడియారం ఉంటే మంచిదే, కానీ మొదటి రెండు మూడు నిమిషాలు అది వెనకబడి చూపిస్తుంది. నేను వేమన పద్యంతో కొలుస్తాను. తొక్కుతూ పద్యమంతా గుక్క తిప్పుకోకుండా చెప్పగలిగితే షికారు. ఒక్కో పాదం దగ్గర ఆగి ఊపిరి తీయాల్సి వస్తే అదే కావలసిన జోరు. రెండు మాటలకే ఆగిపోతే అప్పు మొదలైనట్టు.

వారంలో మూడు రోజులు పద్ధతిగా తొక్కితే చాలు. మంగళవారం అస్మాన్‌గఢ్. పదిహేను నిమిషాలు మెల్లగా ఒళ్లు వేడెక్కించి, గుట్ట ఎక్కి, దిగి, మళ్లీ ఎక్కాలి. మొదటి వారం నాలుగుసార్లు, తర్వాత ఆరు. ఇందులో కిటుకు, అన్నిసార్లూ ఒకే టైము రావాలి. మొదటిది అన్నిటికంటే వేగంగా వచ్చిందంటే ఆ రోజు పాఠం తప్పినట్టే. గురువారం సమతలం మీద ఇరవై నిమిషాలు ఒకే జోరు, పది నిమిషాలు తేలిక, మళ్లీ ఇరవై. చాదర్‌ఘాట్ సిగ్నళ్ల మధ్య ఇది కుదరదు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరులో తెరిచిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఇందుకు బావుంటుంది. సోలార్ పలకల నీడ ఉంటుంది, ఎదురుగా ఆటో రాదు. ఊరికి ఆ చివర ఉండటమే ఇబ్బంది. ఆదివారం గండిపేట దాకా లాంగ్ రైడ్, మాట్లాడుకుంటూ. నాలుగో వారం అన్నీ సగానికి తగ్గించాలి. కండరం బలపడేది తొక్కేటప్పుడు కాదు, నిద్రపోయేటప్పుడు. ఎనిమిది వారాలు ఇలా చేస్తే తేడా తెలుస్తుంది. పోటీ వారంలో దూరం సగం చేయండి గానీ, నడుమ ఒకటి రెండు జోరు విడతలు ఉంచండి. లేకపోతే కాళ్లు మొద్దుబారతాయి.

తిండి గురించి పెద్దగా చెప్పేది లేదు. మూడు గంటల ముందు నాలుగు ఇడ్లీలు, చట్నీ తక్కువ. గంటలోపు పోటీకి దారిలో తినక్కర్లేదు. ఏప్రిల్, మే నెలల్లో ముందురోజు నుంచే ఉప్పు వేసిన మజ్జిగ తాగండి.

పోటీ రోజున కుర్రాడు వేసే ప్రశ్న నాకు ముందే తెలుసు: “పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకగాలి. చెల్లుకు చెల్లు కదా?” కాదు. గాలి లేకుండా ముప్పైలో 20 కిలోమీటర్లు 40 నిమిషాలు. గాలిలో పోయేటప్పుడు 25, వచ్చేటప్పుడు 35 అనుకుంటే, మొదటి పదికి 24 నిమిషాలు, రెండో పదికి 17 నిమిషాల 9 సెకన్లు. మొత్తం 41 దాటింది. ఎదురుగాలిలో ఎక్కువసేపు గడుపుతాం కాబట్టి ఎక్కువ పోగొట్టుకుంటాం. అందుకే కొంచెం ఎక్కువ బలం ఎదురుగాలికి పెట్టి, వెనకగాలిలో ఊపిరి తీసుకోవాలి. ఎత్తుపల్లాలున్న దారిలోనూ అంతే. ఎక్కేటప్పుడు కాస్త ఎక్కువ, దిగేటప్పుడు తక్కువ.

తెల్లవారుజామునే ఎందుకు పెడతారీ పోటీలు అనడిగేవాళ్లూ ఉన్నారు. ఇక్కడ ఎండకీ ట్రాఫిక్‌కీ భయపడి. ఇంగ్లండులో ఈ ఆచారం పోలీసుల భయంతో మొదలైంది. రోడ్ల మీద గుంపు పందేలు కుదరని కాలంలో, 1895 నుంచి బిడ్లేక్ అనే ఆయనా ఆయన తోటివాళ్లూ ఒక్కొక్కరిని విడివిడిగా వదిలి గడియారంతో కొలిచే పద్ధతి పెట్టారు. నల్లబట్టలు వేసుకుని, పొద్దు పొడవకముందే తొక్కేవారు.

గుట్టలన్నిటిలో అనంతగిరి మీద చాదర్‌ఘాట్ వాడిగా నాకో పక్షపాతం. మన వంతెన కింద పారే మూసీ పుట్టేది అక్కడే. నాంపల్లి స్టేషన్‌లో రైలెక్కితే వికారాబాద్‌లో దిగొచ్చు. సైకిల్‌ను మాత్రం పార్సిల్ ఆఫీసులో ముందే అడిగి బుక్ చేసుకోండి. ఈసారి మెల్లగా మొదలుపెట్టి పైదాకా ఎక్కాను, ఎవరికీ అబద్ధం చెప్పలేదు. ఆ కుర్రాడు అస్మాన్‌గఢ్ ఆరుసార్లు ఎక్కి ఆరు టైములూ అయిదు సెకన్ల తేడాలో తెచ్చుకున్నాక తనను కూడా తీసుకెళ్తానన్నాను. నిన్నటికి తేడా పదకొండు.

ఒక్క మాట. ఎక్కడం గురించే ఇంతసేపూ రాశాను గానీ, ఎముకలు విరిగేది దిగేటప్పుడు. బయల్దేరేముందు బ్రేకు రబ్బర్లు చూసుకోండి. మలుపు రాకముందే వేగం తగ్గించండి, మలుపులో బ్రేకు పట్టకండి. హెల్మెట్ పట్టీ గడ్డం కింద బిగించారో లేదో చేత్తో తడిమి చూసుకోండి.