గురి కుదరాలంటే... తూటా తెలియాలి!

2024 జులై 28. పారిస్ ఒలింపిక్స్ మహిళల 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ ఫైనల్. 22 షాట్లు ముగిసేసరికి మను భాకర్ ఖాతాలో 221.7 పాయింట్లు. ఆమెకంటే ముందున్న కొరియా అమ్మాయికి 221.8. ఒకే ఒక్క 0.1 పాయింటు తేడాతో మను కాంస్యం దగ్గర ఆగిపోయింది.

ఈ 0.1 అంటే టార్గెట్ మీద ఎంత దూరమో తెలుసా? సుమారు 0.8 మిల్లీమీటర్లు. మీ జేబులో ఉన్న ఏటీఎం కార్డు మందం అంత! పతకం రంగును అంత చిన్న తేడా మార్చేస్తుంది. మరి ఆ తేడాకి కారణం పెల్లెటేనా? అలా అనలేం. చెయ్యి, ఊపిరి, ట్రిగ్గర్ మీద వేలు... ఇవన్నీ కలిస్తేనే షాట్. కానీ ఆ స్థాయికి చేరినవాళ్లు ఎవరూ పిస్టల్‌లో ఏం పెడుతున్నామన్నది అదృష్టానికి వదిలేయరు.

హైదరాబాదీ ఈషా సింగ్ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చాక మన దగ్గర పిస్టల్ పట్టాలనుకునే పిల్లలకు కొదవ లేదు. రేంజ్‌లో అడుగుపెట్టిన మొదటి నెలలోనే చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది... ‘ఏ పిస్టల్ కొనాలి?’ అని. ‘ఏ తూటా వాడాలి?’ అని అడిగేవాళ్లు తక్కువ. నిజానికి పిస్టల్ ఒక్కసారి కొంటారు. పెల్లెట్లు, తూటాలు మాత్రం ఆడినన్నాళ్లూ కొంటూనే ఉండాలి. ఇంట్లోవాళ్ల జేబుకి చిల్లు పడేది అక్కడే. కాబట్టి ఈ లెక్క ముందే తెలుసుకోవడం మంచిది.

ముందు... తూటా అంటే?

మనం వాడుకలో బుల్లెట్ అనేదాన్ని షూటర్లు కార్ట్రిడ్జ్ అంటారు. అందులో నాలుగు భాగాలుంటాయి. ముందుకు దూసుకెళ్లే సీసపు ముక్క బుల్లెట్. దాన్ని తోసేది మందు. ఆ మందును అంటించేది ప్రైమర్. వీటన్నిటినీ పట్టి ఉంచే ఇత్తడి గొట్టం కేసు. గుర్రం పడగానే ప్రైమర్ రాజుకుంటుంది, మందు మండి వాయువు పుడుతుంది, బుల్లెట్ బయటికి వస్తుంది, కేసు మిగిలిపోతుంది.

ఎయిర్ పిస్టల్‌కి ఈ గొడవేమీ లేదు. మందు ఉండదు, ప్రైమర్ ఉండదు. సిలిండర్‌లో నింపిన గాలి ఒత్తిడే పెల్లెట్‌ను తోస్తుంది. అందుకే మొదలుపెట్టేవాళ్లు ఎవరైనా ఇక్కడి నుంచే మొదలుపెడతారు.

10 మీటర్లు: చదును తల పెల్లెట్

ఎయిర్ పిస్టల్ పోటీలో 4.5 మిల్లీమీటర్ల సీసపు పెల్లెట్లే వాడాలి. షాపులో చూస్తే రకరకాల ఆకారాలు కనిపిస్తాయి... మొన తేలినవి, గుండ్రటివి, చదునువి. పోటీకి కావాల్సింది తల చదునుగా ఉండేదే. ఎందుకంటే అది కాగితాన్ని చింపదు, పంచ్ కొట్టినట్టు గుండ్రంగా కోసుకుంటూ వెళ్తుంది. గీతను తాకిందా లేదా అన్న అనుమానానికి తావుండదు. మొన తేలిన పెల్లెట్ చూడ్డానికి గట్టిగా అనిపిస్తుంది కానీ ఈ ఆటకు దానితో పనిలేదు.

తర్వాత బరువు. పిస్టల్ కోసం చేసే పెల్లెట్లు సాధారణంగా 7 గ్రెయిన్ల దగ్గర, అంటే 0.45 గ్రాముల చుట్టూ ఉంటాయి. రైఫిల్‌వి కాస్త బరువెక్కువ. ఎయిర్ పిస్టల్ నుంచి పెల్లెట్ సెకనుకు 150 మీటర్ల చుట్టుపక్కల వేగంతో వెళ్తుంది. తేలికైన పెల్లెట్ బ్యారెల్ నుంచి త్వరగా బయటపడుతుంది. ఆలోగా చెయ్యి కదిలే అవకాశం అంత తగ్గుతుంది.

డబ్బా మీద 4.49, 4.50, 4.51 అని అంకెలు కనిపిస్తాయి. అది పెల్లెట్ తల కొలత. మీ బ్యారెల్‌కు ఏది కుదురుతుందో పరీక్షించి చూస్తేనే తెలుస్తుంది. మీ స్నేహితుడి పిస్టల్‌కు బ్రహ్మాండంగా పనిచేసినది మీ దానికి పనికిరాకపోవచ్చు. ఒకే కంపెనీ, ఒకే మోడల్ అయినా సరే!

25 మీటర్లు: .22 రాజ్యం

పాతికేళ్ల కిందట ఎన్‌సీసీలో చేరిన మీ బాబాయినో, మావయ్యనో అడగండి. మొదటిసారి కాల్చింది .22 రైఫిల్ అని గర్వంగా చెబుతారు. 25 మీటర్ల పిస్టల్‌లోనూ వాడేది .22 లాంగ్ రైఫిల్ తూటాయే. పేరులో రైఫిల్ ఉందని కంగారు పడకండి, పిస్టళ్లకూ అదే.

ఇక్కడ చాలామంది పొరపడేది వేగం దగ్గర. ‘హై వెలాసిటీ’ అని డబ్బా మీద ఉంటే అదే మంచిదనుకుంటారు. కానే కాదు. ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. అంతకు మించి బయల్దేరిన బుల్లెట్ దారిలో నెమ్మదించి ధ్వని వేగానికి కిందికి దిగేటప్పుడు గాలి దాన్ని కుదిపేస్తుంది. గురి చెదురుతుంది. అందుకే పోటీ తూటాలను ధ్వని వేగానికి లోపలే ఉండేలా తయారుచేస్తారు. బుల్లెట్ బరువు సాధారణంగా 40 గ్రెయిన్లు, అంటే 2.6 గ్రాములు.

ఇక ఈవెంట్‌ను బట్టి అవసరం మారుతుంది. మహిళల 25 మీటర్ల పిస్టల్‌లో సగం ప్రెసిషన్, సగం ర్యాపిడ్. మొదటి 30 షాట్లకు 10వ వలయం వ్యాసం 50 మిల్లీమీటర్లు. తర్వాతి 30కి అది 100 మిల్లీమీటర్లు. రెండింటికీ ఒకే తూటా సరిపోవాలి. పురుషుల ర్యాపిడ్ ఫైర్ సంగతి వేరు. ఐదు టార్గెట్ల మీద ఐదు షాట్లు... మొదట 8 సెకన్లలో, తర్వాత 6, చివరికి 4 సెకన్లలో! విజయ్ కుమార్ 2012 లండన్‌లో రజతం గెలిచింది ఈ ఈవెంట్‌లోనే. నాలుగు సెకన్లలో ఐదు షాట్లంటే పిస్టల్ ఎంత తక్కువ ఎగిరితే అంత మేలు. ఒకప్పుడు ఇందుకోసమే .22 షార్ట్ అనే చిన్న తూటా వాడేవారు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ తర్వాత నిబంధనలు మారాయి. ఇప్పుడు లాంగ్ రైఫిల్ తూటాయే వాడాలి.

ఇంకో మాట. ఇవి సెమీ ఆటోమేటిక్ పిస్టళ్లు. ఒక తూటా పేలిన ఊపుతోనే స్లైడు వెనక్కి వెళ్లి, ఖాళీ కేసును విసిరేసి, తర్వాతి తూటాను ఎక్కించుకోవాలి. తూటా మరీ బలహీనమైతే ఆ పని సగంలో ఆగుతుంది, పిస్టల్ జామ్ అవుతుంది. కాబట్టి .22కి గురి ఒక్కటే పరీక్ష కాదు. 200 షాట్లలో ఒక్కసారీ ఇరుక్కోకుండా నడిచిందా అన్నదీ పరీక్షే.

సెంటర్ ఫైర్: రెండు .32లు, ఒకటే పేరు

ఒలింపిక్స్‌లో లేకపోయినా జాతీయ, ప్రపంచ పోటీల్లో పురుషులకు 25 మీటర్ల సెంటర్ ఫైర్ ఉంది. 7.62 నుంచి 9.65 మిల్లీమీటర్ల మధ్య ఏ కాలిబరైనా వాడొచ్చు. ఎక్కువమంది వాడేది .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్ వాడ్‌కట్టర్. దీని బుల్లెట్ కూడా చదునుగానే ఉంటుంది, కేసు అంచుతో సమానంగా లోపలికి దిగి ఉంటుంది. విసురు తక్కువ, రంధ్రం శుభ్రం.

ఇక్కడొక మెలిక ఉంది. మన దేశంలో ‘పాయింట్ త్రీ టూ’ అంటే రెండు వేర్వేరు తూటాలు. కాన్పూర్‌లో తయారయ్యే .32 రివాల్వర్‌కు వేసేది ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్. .32 పిస్టల్‌కు వేసేది 7.65 ఏసీపీ. పేరు ఒకటే కదా అని ఒకదాని బదులు ఇంకొకటి వాడితే ప్రమాదం. ‘.22 మాగ్నమ్’ కూడా అంతే, అది లాంగ్ రైఫిల్‌కు బదులు కాదు. బ్యారెల్ మీద రాసి ఉన్నది, డబ్బా మీద రాసి ఉన్నది, తూటా అడుగున ముద్ర... అక్షరం అక్షరం కలవాలి.

మరి సినిమాల్లో, వార్తల్లో వినిపించే 9 ఎంఎం? పోలీసులు, సైన్యం వాడేది అదే. మన దగ్గర పౌరులకు అది నిషిద్ధ బోర్. క్లబ్బులో ఎవరైనా ఆశ చూపినా దాని జోలికి పోవద్దు.

ఖరీదైనదే మంచిదా?

నిజం చెప్పాలంటే, మొదటి ఏడాది కాదు. మీ షాట్లు అరచేతి వెడల్పులో చెల్లాచెదురుగా పడుతున్నప్పుడు డబ్బా ధర రెట్టింపు చేసినా స్కోరు మారదు. మంచి పిస్టల్‌ను బిగించి కాలిస్తే మధ్యరకం పెల్లెట్లు కూడా దాదాపు ఒకే రంధ్రంలోంచి వెళ్తాయి. తప్పు పెల్లెట్‌లో లేదు, చేతిలో ఉంది.

లెక్క చూడండి. రోజుకు 100 షాట్లు, వారానికి ఐదు రోజులు అంటే 500. ఎయిర్ పిస్టల్‌లో సరిగ్గా ఒక డబ్బా. .22 అయితే 50 తూటాల పెట్టెలు పది! ఏడాదికి ఎంతవుతుందో మీ ఊళ్లో ధరతో గుణించి, కాగితం మీద రాసి, నాన్నగారికి ముందే చూపించండి. మధ్యలో డబ్బు చాలక ఆట ఆపేయడం కంటే ముందే తెలుసుకుని ఎయిర్ పిస్టల్‌లో నిలదొక్కుకోవడం మేలు. పెల్లెట్ లేకుండా, డ్రై ఫైర్ మోడ్‌లో గోడ ఎదుట ట్రిగ్గర్ సాధన చేయడానికి పైసా ఖర్చు లేదు. పెద్ద షూటర్లూ రోజూ చేసేదే.

మీ స్కోరు నిలకడగా 560 దాటాక అప్పుడు పరీక్షలు మొదలుపెట్టండి. నాలుగైదు రకాలు తీసుకుని, కోచ్ సాయంతో పిస్టల్‌ను బిగించి, ఒక్కో రకంతో ఐదేసి షాట్ల గ్రూపులు కనీసం మూడు కొట్టండి. దగ్గర దగ్గరగా పడినదాన్ని ఎంచుకుని, అదే లాట్ నంబరు ఉన్న డబ్బాలు సీజన్‌కు సరిపడా తీసుకోండి. లాట్ మారితే గ్రూపు మారొచ్చు. సాధనకు ఒకటి, పోటీకి ఒకటి వాడినా, పోటీకి రెండు వారాల ముందు నుంచి పోటీదానితోనే కాల్చండి.

చట్టంతో ఆటలొద్దు

మనది ఆయుధ చట్టం 1959, ఆయుధ నియమావళి 2016. తక్కువ శక్తి ఉండే 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ పిస్టల్‌కు లైసెన్సు మినహాయింపు ఉంది. .22, .32లకు లేదు. లైసెన్సుకు 21 ఏళ్లు నిండాలి. అంతకంటే చిన్నవాళ్లు నిబంధనల మేరకు, క్లబ్బులో పర్యవేక్షణ కింద సాధన చేయాలి. తూటా ఒక్కటైనా సరే, లైసెన్సు లేకుండా దగ్గర ఉంచుకోవడం నేరమే.

ఇది ఎక్కువగా దెబ్బకొట్టేది విమానాశ్రయంలో. సాధన అయ్యాక కిట్ బ్యాగు అరలో ఒక్క .22 తూటా మిగిలిపోయింది. నెల తర్వాత అదే బ్యాగుతో ఇంటర్వ్యూకి బయల్దేరారు. స్కానర్‌లో కనిపించగానే ప్రయాణం ఆగుతుంది, కేసు మొదలవుతుంది. ప్రభుత్వ ఉద్యోగానికి ప్రయత్నిస్తున్నవాళ్లకు ఆ కేసు ఎంత నష్టమో వేరే చెప్పక్కర్లేదు. రేంజ్ నుంచి బయటికొచ్చే ముందు తూటాలు లెక్కపెట్టడం, బ్యాగును బోర్లించి దులపడం అలవాటు చేసుకోండి. కాలేజీకి ఒక బ్యాగు, రేంజ్‌కు ఒక బ్యాగు విడిగా పెట్టుకుంటే ఇంకా మంచిది.

భద్రత సంగతి కూడా చూద్దాం. ట్రిగ్గర్ నొక్కినా పేలలేదంటే పిస్టల్‌ను టార్గెట్ వైపే పట్టుకుని 30 సెకన్లు ఆగాలి, తర్వాత రేంజ్ అధికారిని పిలవాలి. శబ్దం మామూలుకన్నా చిన్నగా వస్తే వెంటనే ఆపేయాలి, బుల్లెట్ బ్యారెల్‌లోనే ఇరుక్కుని ఉండొచ్చు. ఆ మీద ఇంకోటి కాలిస్తే చెయ్యి పోతుంది. పెల్లెట్లు సీసం కాబట్టి వాటిని ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడగకుండా ఏమీ తినొద్దు. నోట్లో పెల్లెట్లు పట్టుకోవడం అసలే వద్దు.

పతకం రాకపోతే?

పిస్టల్ పట్టిన ప్రతి వందమందిలో ఒలింపిక్స్‌కు వెళ్లేది ఒక్కరు కూడా కాదు. అంతమాత్రాన నేర్చుకున్నది వృథా కాదు. రైల్వేలు, సైన్యం, కేంద్ర బలగాలు, పోలీసు శాఖల్లో క్రీడా కోటా ఉంది. కోచ్‌లు, జడ్జిలు, రేంజ్ అధికారులు, తుపాకులు బాగుచేసే ఆర్మరర్లు... వీళ్లందరూ ఈ ఆటలోంచి వచ్చేవాళ్లే.

తూటా వెనకున్న సైన్సే ఆసక్తిగా అనిపిస్తే దారి ఇంకోటి. ఫోరెన్సిక్ ల్యాబుల్లో బాలిస్టిక్స్ విభాగం ఉంటుంది. ఏ తూటా ఏ తుపాకీ నుంచి వచ్చిందో తేల్చేది వాళ్లే. ఫిజిక్స్, కెమిస్ట్రీతో డిగ్రీ చేసి ఫోరెన్సిక్ సైన్స్‌లో పీజీకి వెళ్లొచ్చు. గాంధీనగర్‌లో జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ విశ్వవిద్యాలయం ఉంది. మెకానికల్, కెమికల్ ఇంజినీర్లకు తూటాల తయారీ రంగం ఉంది. 2021లో ఏర్పడిన మ్యునిషన్స్ ఇండియా లిమిటెడ్ కింద పుణె దగ్గరి ఖడ్కీ కర్మాగారం పనిచేస్తోంది. అది 1869 నాటిది.

ఏ దారిలో వెళ్లినా మొదటి మెట్టు ఒకటే. ఈ ఆదివారం దగ్గర్లోని రేంజ్‌కు వెళ్లి, ఒక చదును తల పెల్లెట్‌ను అరచేతిలో పెట్టుకుని చూడండి. అర గ్రాము కూడా ఉండదు. దాన్ని పది మీటర్ల అవతల, 11.5 మిల్లీమీటర్ల వలయంలోకి అరవైసార్లు పంపాలి. చేయగలననిపిస్తే, అడగాల్సిన మొదటి ప్రశ్న ‘ఏ పిస్టల్?’ కాదు. ‘రోజూ ఎన్ని గంటలు?’ అని.