గాలియు, వడపోత పొరయు: తోళ్ళ మురుగునీటి శుద్ధిలో నొక సమస్య

పేర్ణాంబట్టు, ఆంబూరు, వాణియంబాడి, రాణిపేట మున్నగు పట్టణములకు తోళ్ళ పరిశ్రమ అన్నము పెట్టినది. ఆ పరిశ్రమ మురుగే పాలారు ప్రాంతపు నూతులను, పొలములను చెఱచినది. సుమారు 35,000 హెక్టార్ల సాగుభూమి పూర్తిగనో కొంతవఱకో పనికిరాకుండ పోయినదని 1996 ఆగస్టు 28వ తేదీన సుప్రీంకోర్టు వెలువరించిన తీర్పులో పేర్కొనబడినది. కాలుష్యము చేసినవాడే మూల్యము చెల్లింపవలెనను సూత్రము ఈ దేశపు న్యాయములో భాగమని ఆ తీర్పు ప్రకటించినది. బాధితుల పరిహారమును గూర్చి ఆ న్యాయస్థానమే 2025 జనవరి 30న మరల ఆదేశింపవలసివచ్చినది. కావున మురుగును శుద్ధిచేయు విధానములను సామాన్యులును కొంత యెఱుగుట యవసరము.

అట్టి విధానములలో మెంబ్రేన్ బయోరియాక్టరు ఒకటి. తొట్టిలోని సూక్ష్మజీవులు మురుగునందలి సేంద్రియ మలినములను తినివేయును. అందే ముంచియుంచిన పలుచని పొర నీటిని మాత్రము పోనిచ్చి, సూక్ష్మజీవులను, మడ్డిని నిలిపివేయును. ఈ పొర రంధ్రముల వెడల్పు రమారమి మైక్రానులో పదవ వంతు. తలవెండ్రుక మందము దానికి కొన్ని వందల రెట్లుండును.

పాలు వడగట్టు గుడ్డకు మీగడ పట్టినట్లు, ఈ పొరకును క్రమముగా జిగురు, మడ్డి పట్టును. అప్పుడు నీటిని లాగుటకు పీడనము హెచ్చింపవలసియుండును. దీనికి విరుగుడు గాలి. చిన్న బుడగలు సూక్ష్మజీవులకు ప్రాణవాయువు నిచ్చును; పొర క్రిందినుండి లేచు పెద్ద బుడగలు దాని ముఖమును రాపిడితో కడుగును.

అట్లయిన గాలి యెంత హెచ్చిన నంత మేలు గదా యని తోచవచ్చును. అది నిజము కాదు. గాలి కొఱవడినచో మడ్డి పేరుకొనును; ప్రాణవాయువు చాలక సూక్ష్మజీవుల ముద్దలు విడిపోవును. గాలి మితిమీరినచో ఆ ముద్దలు రాపిడికి చితికి, వాని లోపలి జిగురు నీటిలో కలిసి రంధ్రములనే పూడ్చును. ఒక హద్దు దాటిన పిమ్మట గాలి హెచ్చించుటవలన లాభము లేదు. విద్యుత్తు ఖర్చు మాత్రము పెరుగును. అందుచే గాలిని కొన్ని క్షణములు విడిచి, కొన్ని క్షణములు ఆపు పద్ధతి వాడుకలోనికి వచ్చినది.

తోళ్ళ మురుగున మఱొక చిక్కు గలదు. తోలు వెండ్రుకలు తొలగించుటకు వాడు సున్నము అందు చేరును. గాలి నీటిలోని బొగ్గుపులుసు వాయువును వెడలగొట్టుటచే, ఆ సున్నము నీళ్ళు కాచు పాత్ర అడుగున తెల్లని పెచ్చు కట్టినట్లు పొరపై గట్టిపడును. ఈ పెచ్చును బుడగలు కదల్పలేవు, ఆమ్లముతో కడుగవలెను.

తోళ్ళకు పట్టించిన ఉప్పు ఈ పొరగుండ దాటిపోవును. దానిని వేరుచేయుటకు రివర్స్ ఆస్మాసిస్ పద్ధతియు, మిగిలిన చిక్కని ఉప్పునీటిని ఆవిరిచేయుటయు కావలెను. మొదటి పొర చక్కగా పనిచేసిననే ఆ తరువాతి పొరలు మన్నును. గాలి కొలతను నిత్యము కనిపెట్టియుండుట శుద్ధి కేంద్రపు పనివాని కర్తవ్యము. కర్చునకు వెఱచి యంత్రమును నిలుపకుండుట యజమాని కర్తవ్యము. ఈ రెండును తప్పినచో ఆ నష్టము దిగువనున్న రైతు నూతికే చేరును.