గోడ మీద సర్టిఫికెట్ ఎవరిది? మన ఫార్మసిస్ట్ కథ

ఈ ఎపిసోడ్‌ని మా ఇంట్లో జరిగిన ఒక సంగతితో మొదలుపెడతాను. అది జరిగేదాకా ఫార్మసిస్ట్ అంటే చీటీ చూసి, గోలీలు కత్తిరించి, కవర్లో వేసి ఇచ్చే మనిషి అనే నేనూ అనుకునేవాణ్ని.

మాది పాలకుర్తి. మా అమ్మమ్మకు షుగర్. జనగామలో ఒక డాక్టర్ దగ్గర చూపించుకుంటది. మధ్యలో మోకాళ్ల నొప్పులని హనుమకొండ తీసుకెళ్తే, అక్కడి డాక్టర్ షుగర్ కూడా చూసి ఇంకో చీటీ రాశారు. రెండు చీటీలూ పట్టుకుని మందుల షాపుకు పోయినం. రెండింట్లో ఉన్నవన్నీ ఇచ్చేశారు. నాలుగో రోజు రాత్రి అమ్మమ్మకు ఒళ్లంతా చెమటలు, వణుకు, మాట తడబాటు. దిష్టి అని ఒకరు, గాలి సోకిందని ఇంకొకరు. మా అమ్మ మాత్రం వెంటనే చక్కెర నీళ్లు తాగించింది. అట్ల గట్టెక్కినం.

తెల్లారి సర్కారు దవాఖానకు పోతే, అక్కడ మందులిచ్చే మేడం రెండు షీట్లనీ పక్కపక్కన పెట్టి, వెనకాల ఉన్న చిన్న అక్షరాలు చదివింది. "ఇవి రెండూ ఒకటే మందు కదా బాబూ, కంపెనీ పేర్లే వేరు" అంది. మందు పేరు గ్లిమెపిరైడ్. షుగర్‌ని తగ్గించే గోలీ. అమ్మమ్మ నాలుగు రోజులు దాన్ని రెండింతలు మింగింది.

నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినప్పుడు, ఎంత సీనియర్ రాసిన కోడైనా ఇంకొకరు చూడకుండా ముందుకు పోనిచ్చేవాళ్లు కాదు. రాసినవాడి కంటికి తన తప్పు కనపడదు కాబట్టి. వైద్యంలో ఆ రెండో కన్ను ఫార్మసిస్ట్. ఆ మేడం చేసింది ఆ పనే. మరి అది షాపు కౌంటర్ దగ్గరే ఎందుకు జరగలేదు? ఈ ప్రశ్న పట్టుకుని నేను వెనక్కి చదువుకుంటూ పోయాను.

రాసే చేయి, ఇచ్చే చేయి వేరుగా ఉండాలనేది పాత ఆలోచనే. ఐరోపాలో 13వ శతాబ్దంలో ఫ్రెడరిక్ 2 అనే చక్రవర్తి, డాక్టర్లు మందుల దుకాణాలు నడపకూడదని శాసనం చేశాడు. రాసేవాడికే అమ్మకంలో లాభముంటే అవసరం లేని మందు కూడా రాస్తాడు కదా! మన దగ్గర ఆయుర్వేద వైద్యుడైతే కల్వంలో తనే నూరి తనే ఇచ్చేవాడు. యునానీలో మాత్రం హకీం నుస్ఖా రాస్తే, దాన్ని తీసుకుని అత్తార్ దుకాణానికి పోయేవాళ్లు. హైదరాబాద్ పాతబస్తీ వాళ్లకు ఈ మాట కొత్త కాదు.

ఇంగ్లీష్ మందులతో పాటు కాంపౌండర్ వచ్చాడు. మన ఇళ్లలో పెద్దవాళ్లను అడగండి, ఎర్ర నీళ్ల సీసా గుర్తుచేసుకుంటారు. సీసాకు పక్కన కత్తిరించిన కాగితం అంటించేవాళ్లు, పూటకు ఒక గీత చొప్పున తాగాలని. కాంపౌండర్ అంటే కలిపేవాడనే అర్థం. డాక్టర్ చెప్పిన పాళ్లలో పొడులు, ద్రావకాలు తూచి కలపడమే ఆయన పని. చేతిపనే గానీ, పాళ్లు తప్పితే ప్రాణం పోయే చేతిపని.

ఆ రోజుల్లో మందుల మీద అదుపు అంతంతే. నకిలీ క్వినైన్, కల్తీ సరుకు మార్కెట్లో నిండిపోయాయని గోల మొదలైతే, బ్రిటిష్ ప్రభుత్వం 1930లో రామ్‌నాథ్ చోప్రా అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. మందులకు ఒక చట్టం, ఫార్మసీ వృత్తికి ఒక చట్టం, దానికో చదువు కావాలని ఆ కమిటీ తేల్చింది. 1932లో బెనారస్ హిందూ యూనివర్సిటీలో మహదేవ లాల్ ష్రాఫ్ ఈ చదువుకు పునాది వేశారు. 1940లో డ్రగ్స్ చట్టం, 1948 మార్చిలో ఫార్మసీ చట్టం వచ్చాయి. అప్పటికి మా పాలకుర్తి ఇంకా నిజాం రాజ్యంలోనే ఉంది. చాకలి ఐలమ్మ భూమి కోసం కొట్లాడిన ఊరు మాది. చేతి కింద పంటకే దిక్కులేని కాలంలో మందు ఎవరు కలుపుతున్నారని అడిగేదెవరు?

ఆ 1948 చట్టంలో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. మొదటి రిజిస్టర్‌లో డిగ్రీ ఉన్నవాళ్లనే కాదు, కనీసం ఐదేళ్లు దవాఖానలోనో డిస్పెన్సరీలోనో మందులు కలిపిన అనుభవం ఉన్నవాళ్లను కూడా చేర్చుకునే వీలు ఇచ్చారు. అట్ల ఎందరో కాంపౌండర్లు కాగితం మీద ఫార్మసిస్టులయ్యారు.

కానీ ఆ తర్వాత అసలు పనే చేయిజారిపోయింది. గోలీలు, సిరప్‌లు ఫ్యాక్టరీలోనే తయారై, ప్యాకై రావడం మొదలైంది. ఇందులో మన హైదరాబాద్ పాత్ర చిన్నది కాదు. బాలానగర్‌లో ప్రభుత్వ కంపెనీ ఐడీపీఎల్ వచ్చింది. 1970 పేటెంట్ల చట్టం మందుకు కాక, తయారుచేసే పద్ధతికి మాత్రమే పేటెంట్ ఇవ్వడంతో, వేరే దారిలో అదే మందు చేసే అవకాశం దొరికింది. ఐడీపీఎల్‌లో పనిచేసిన అంజిరెడ్డి గారు 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. మందు చవకయింది. సంతోషమే. దాంతోపాటు ఒకే మందుకు పదుల కొద్దీ పేర్లు కూడా వచ్చాయి. మా అమ్మమ్మ కవర్లో జరిగింది అదే.

కలపడం పోయాక ఇక మిగిలిన పనేంటి? చూడటం, చెప్పడం. చీటీలో తప్పుందా, రెండు మందులు కొట్టుకుంటాయా, తినకముందా తిన్నాకా, మోతాదు మర్చిపోతే ఏం చేయాలి. 2008లో ఆరేళ్ల ఫార్మ్ డీ కోర్సు తెచ్చింది దీనికోసమే. 2015 ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలైతే పేషెంట్‌కు వివరించి చెప్పడాన్ని ఫార్మసిస్ట్ బాధ్యతగానే రాశాయి. ఫార్మసీ చట్టం 42వ సెక్షన్ ప్రకారం డాక్టర్ చీటీ మీద మందు ఇవ్వాల్సింది రిజిస్టర్డ్ ఫార్మసిస్టే. కొన్ని యాంటీబయాటిక్స్, ట్రమడాల్, ఆల్ప్రజోలం, టీబీ మందుల్లాంటివి షెడ్యూల్ హెచ్1లో ఉన్నాయి. 2014 నుంచి వాటికి వేరే రిజిస్టర్ పెట్టాలి. రాసిన డాక్టర్, తీసుకున్న పేషెంట్ పేర్లు, ఎంత ఇచ్చారో రాసి మూడేళ్లు దాచాలి.

కాగితం మీద అంతా పక్కాగా ఉంది. మాకు మందులిచ్చిన షాపులో కూడా గోడకు సర్టిఫికెట్ వేలాడుతున్నది. దాని మీద ఫొటోలో ఉన్న మనిషిని మా వీధిలో ఎవరూ చూసిన గుర్తు లేదు. కౌంటర్ దగ్గర ఉన్నది పదో తరగతి అయిపోయిన పిల్లోడు. వాడి తప్పు కూడా కాదు, వాడు రాసింది రాసినట్టు ఇచ్చాడు. సర్టిఫికెట్లు అద్దెకిస్తారన్న మాట మీరూ వినే ఉంటారు.

షాపు ఓనర్‌ని తిట్టేసి ఊరుకోవచ్చు గానీ, లెక్క కూడా చూడాలి. పల్లె షాపుకు వచ్చే మార్జిన్‌లో చదువుకున్న మనిషికి నెల జీతం ఇస్తే మిగిలేది తక్కువ. ఇటు చూస్తే వరంగల్‌లో కాకతీయ యూనివర్సిటీకే ఫార్మసీ కాలేజీ ఉంది, చుట్టుపక్కల ప్రైవేట్ కాలేజీలూ ఉన్నాయి. నాతో ఇంటర్ చదివిన ఒకతను బీఫార్మసీ చేసి హైదరాబాద్‌లో మెడికల్ కోడింగ్ చేస్తున్నాడు. అమెరికా ఇన్సూరెన్స్ బిల్లులన్నమాట. "ఊళ్లో కౌంటర్ దగ్గర నిలబడితే పిల్లనిస్తారారా?" అన్నాడు. నవ్వాను గానీ జవాబు చెప్పలేకపోయాను. నేను కూడా ఊరొదిలినవాణ్నే కదా.

నా మటుకు నేను అనుకునేది, వాళ్ల మాటకు విలువ కట్టనంత కాలం ఆ కుర్చీ ఖాళీగానే ఉంటది. మనం గోలీకి డబ్బులిస్తాం, సలహా మాత్రం ఊరికే రావాలంటాం.

ఈలోపు మీ ఇంట్లో పెద్దవాళ్లు ఇద్దరు డాక్టర్ల దగ్గరికి పోతుంటే, ఈరోజే వాళ్ల మందుల డబ్బా తీయండి. ప్రతి షీట్ మీద కంపెనీ పెట్టిన పేరు కాదు, అసలు మందు పేరు చదవండి. ఒకే పేరు రెండు చోట్ల కనపడితే మీ అంతట మీరు ఆపేయకండి, రెండు షీట్లూ పట్టుకుని డాక్టర్‌నో ఫార్మసిస్ట్‌నో అడగండి. షాపులో "ఫార్మసిస్ట్ ఎవరండీ?" అని అడగడానికి మొహమాటపడొద్దు.

మా అమ్మమ్మకు చదువు రాదు. అందుకని ఆ మేడం ఆమె షీట్ల మీద స్కెచ్‌పెన్నుతో బొమ్మలు వేసిచ్చింది, పొద్దుటి గోలీకి సూర్యుడు, రాత్రి గోలీకి చంద్రుడు. ఇప్పుడు కొత్త షీట్ తెస్తే, చంద్రుడు లేడని అమ్మమ్మ ముట్టుకోదు.