దివాన్ దేవిడీ ప్రదర్శనశాల

హైదరాబాదు పాతనగరమున చార్మినారునకును మూసీనదికిని నడుమ దివాన్ దేవిడీ యను విశాలమైన భవన సముదాయ ముండెడిది. నిజాము ప్రభువులకు దివానులుగా పనిచేసిన సాలార్ జంగు వంశీయుల నివాస మది. ఆ వంశమున 1889లో జన్మించిన మీర్ యూసుఫ్ అలీఖాను మూడవ సాలార్ జంగుగా ప్రసిద్ధి కెక్కెను. ఆయన 1912లో దివాను పదవి స్వీకరించి, 1914లో దానిని విడిచెను. నాటినుండి కళావస్తువులను సేకరించుటయే ఆయనకు వ్రతమయ్యెను. దంతపు పనులు, తాళపత్రములు, గడియారములు, ఖడ్గములు, తివాసీలు గదులు నిండి వరండాల కెక్కినవి. ఆయన వివాహము చేసికొనలేదు. 1949 మార్చి 2వ తేదీన మరణించెను.

అప్పటికి హైదరాబాదు సంస్థానము భారతదేశమున చేరి ఆరు మాసములైనను నిండలేదు. సంతానము లేని ధనికుని ఇల్లు వాటాలకును వేలమునకును పాలగుట లోకమున సామాన్యము. ఒకసారి వేలమున చెదరిన సొత్తు మరల ఒకచోట చేరుట కల్ల. ఆ యిల్లు అట్లు కాకుండుటకు ప్రభుత్వము ఎస్టేటు నిర్వహణము నొక సంఘమున కప్పగించి, దేవిడీనే ప్రదర్శనశాలగా మార్ప నిశ్చయించెను. వస్తువులను అమర్చుటకు డాక్టరు జేమ్స్ కజిన్స్ ను పిలిపించిరి.

కజిన్స్ ఐర్లండు దేశీయుడు, కవి. 1873లో బెల్ఫాస్టు నగరమున జన్మించెను. అనిబిసెంటమ్మ ఆహ్వానముపై 1915లో భారతదేశమునకు వచ్చి, పిమ్మట మదనపల్లెలోని దివ్యజ్ఞాన కళాశాలలో అధ్యాపకుడయ్యెను. 1919లో రవీంద్రనాథ ఠాకూరు ఆ కళాశాలలో బసచేసినప్పుడు, ‘జనగణమన’ గీతమునకు స్వరములు వ్రాసి యుంచినది ఈయన భార్య మార్గరెట్టే. కజిన్స్ చిత్రకళాభిమాని. మైసూరు జగన్మోహన ప్రాసాదమున చిత్రశాల ఏర్పడుటకు తోడ్పడెను; 1935లో తిరువనంతపురమున శ్రీచిత్రాలయమును తీర్చెను. ఈ అనుభవముతో దేవిడీకి వచ్చునాటికి ఆయన డెబ్బదియేండ్లు దాటిన వృద్ధుడు.

ఇంటిని ప్రదర్శనశాలగా మార్చువాని పని బయటివారు తలచునంత సులభము కాదు. మొదట ప్రతి వస్తువునకును ఒక సంఖ్య వేసి, అది ఎక్కడిది, ఏ పదార్థముతో చేసినది, ఎట్టి స్థితిలో నున్నది పట్టికలో వ్రాయవలెను. పట్టికలో లేని వస్తువు పోయినను పోయినట్లు తెలియదు! ఎండ తగిలిన పట్టుబట్ట రంగు కోల్పోవును. చెమ్మ తగిలిన గ్రంథమునకు బూజు పట్టును. చెదపురుగునకు రాజు ఆసనమైనను ఒకటే. వీనికంటె కష్టమైనది మరియొకటి కలదు. యజమాని తన కిష్టమైనట్లు ఉంచుకొన్న వస్తువును అక్కడనే ఉంచవలెనా, జాతిని బట్టియు దేశమును బట్టియు వేరుచేసి అమర్చవలెనా? అక్కడనే ఉంచిన ఇల్లు నిలుచును, కాని చూపరికి అంతయు గందరగోళముగా తోచును. వేరుచేసినచో పాఠము స్పష్టమగును, కాని ఇల్లు మాయమగును.

1951 డిసెంబరు 16వ తేదీన ప్రధానమంత్రి జవహర్లాల్ నెహ్రూ దేవిడీలో ప్రదర్శనశాలను ప్రారంభించెను. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన ‘మేలిముసుగు రెబెక్కా’ ఈ సంగ్రహమున మిక్కిలి పేరుగన్నది. దానిని సంపాదించినవాడు మొదటి సాలార్ జంగు. అది 1876 నాటి మాట. పాలరాతితో పలుచని ముసుగును, దాని వెనుక ముఖమును ఒకేమారు చూపుట చేతికి లొంగు విద్య కాదు. ఐనను జనము గుమిగూడునది గంట గంటకు గడ్డపు బొమ్మ బయటికి వచ్చి ఘంట మ్రోగించు గడియారమునొద్దనే.

కజిన్స్ 1956లో మదనపల్లెలో కన్నుమూసెను. 1961లో పార్లమెంటు చట్టము ఈ ప్రదర్శనశాలను జాతీయ ప్రాముఖ్యము గల సంస్థగా ప్రకటించెను. దేవిడీ చాలమి, మూసీ దక్షిణపు టొడ్డున నూతన భవనము కట్టి, 1968లో వస్తువులను అచ్చటికి తరలించిరి.

లండనులో జాన్ సోన్ అను వాస్తుశిల్పి తన ఇంటిని తన మరణకాలమున నున్నట్లే ఉంచవలెనని 1833లో చట్టమే చేయించెను. దేవిడీకి అట్టి రక్ష లేకపోయెను. వస్తువులు దక్కినవి, ఇల్లు దక్కలేదు. కాలక్రమమున దాని భవనములు చాలవరకు కూలిపోయినవి. ఆ దేవిడీలో చీనీఖానా యను గది యొకటి ఉండెడిది. దాని గోడల నిండ పింగాణీ పళ్లెములు, గిన్నెలు పొదిగి యుండెను. అట్టి గోడ బండి కెక్కునది కాదు.